కర్త దోహాలో, కర్మ బాగ్దాద్‌లో

అయిదో తరగతి పిల్లవాణ్ణి పిలిచి, "ట్యాంకు హోటల్ని పేల్చింది" అన్న వాక్యంలో కర్త ఏదని అడగండి. ఠక్కున చెప్తాడు. అదే ప్రశ్న సైన్యం తరఫున మాట్లాడే పెద్దమనిషిని అడగండి. "ప్రాథమిక సమాచారాన్నిబట్టి ఒక సంఘటన జరిగినట్టు మా దృష్టికి వచ్చింది" అంటాడు. కర్త మాయం! కర్మ మాత్రం ఎవడిది వాడు అనుభవించాల్సిందే.

ఈ విద్య చూడాలంటే 2003కి రండి. యుద్ధం ఇరాక్‌లో జరిగింది. దాని కథ ఖతార్‌లో, దోహా దగ్గర అస్ సైలియా అనే అమెరికా స్థావరంలో తయారైంది. మన నిజామాబాద్, కరీంనగర్ కుర్రాళ్ళు ఎండకి మాడుతూ మేడలు కట్టే దేశమే అది. అక్కడొక గిడ్డంగిలో రెండున్నర లక్షల డాలర్లు పోసి విలేకర్ల సమావేశాలకి సెట్టింగు వేశారని అప్పటి పత్రికలు రాశాయి. సురభి వాళ్ళయినా టికెట్టు అమ్మేటప్పుడే ఇది నాటకమని చెప్తారు. వీళ్ళకి ఆ నీతి కూడా లేదు.

ఏప్రిల్ 8. బాగ్దాద్‌లో విదేశీ విలేకర్లంతా దిగిన పాలస్తీన్ హోటల్. అమెరికా ట్యాంకు పేల్చిన గుండు 15వ అంతస్తుకి తగిలింది. రాయిటర్స్ కెమెరామన్ తారాస్ ప్రొత్స్యుక్, స్పెయిన్ కెమెరామన్ హొసే కౌసో చచ్చిపోయారు. అదే పొద్దున అల్ జజీరా టీవీ చానల్ ఆఫీసు మీద అమెరికా విమానం విరుచుకుపడి విలేకరి తారెక్ అయ్యూబ్‌ని పొట్టన పెట్టుకుంది. దోహాలో బ్రిగేడియర్ జనరల్ విన్సెంట్ బ్రూక్స్ ఇస్త్రీ మడత నలగకుండా మైకు ముందుకొచ్చి, హోటల్ లాబీలోంచి కాల్పులొస్తే మావాళ్ళు తిప్పికొట్టారన్నాడు. లాబీలోంచి కాలిస్తే పై అంతస్తునెందుకు కొట్టారయ్యా అని ఒక విలేకరి అడిగాడు. నేను పొరపాటున అన్నానేమో అన్నాడాయన. శవాలింకా చల్లబడలేదు, అబద్ధం అప్పుడే చల్లగా జారుకుంది.

అంతకు వారం ముందు ఇదే దోహాలో విలేకర్లని అర్ధరాత్రి నిద్ర లేపి ఒక వీడియో చూపించారు. నాసిరియా ఆస్పత్రిలోంచి జెస్సికా లించ్ అనే పందొమ్మిదేళ్ళ అమెరికా సైనికురాలిని ఎలా విడిపించుకొచ్చారో చూడండహో అని. ఆమె ఆఖరి తూటాదాకా పోరాడిందని పేరు చెప్పుకోని అధికారులు కథలల్లారు. ప్రపంచం కళ్ళు తుడుచుకుంది. 2007లో ఆ పిల్లే అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, అవన్నీ కట్టుకథలని చెప్పింది. ఆమె తుపాకీ మొరాయించింది, ఒక్క గుండూ పేల్చలేదు. లక్షల జీతాల ప్రతినిధులకి రాని నిజం, కాళ్ళు విరిగిన అమ్మాయి నోటికి వచ్చింది.

ఆ గిడ్డంగిలోనే ఇంకొకడున్నాడు. జాష్ రషింగ్. టెక్సాస్ వాడు, మెరైన్ లెఫ్టినెంట్. వాడూ కాగితం మీద రాసిచ్చిన మాటలే చిలకలా పలికినవాడు. నేను వాడికి గుడి కట్టడం లేదు. కానీ జెహాన్ నూజైమ్ తీసిన 'కంట్రోల్ రూమ్' సినిమాలో ఒక క్షణం వాడి యూనిఫాం చిరిగి లోపలి మనిషి కనిపించాడు. అల్ జజీరాలో అమెరికన్ శవాల్ని చూసి కడుపులో దేవిందట. ముందురాత్రి ఇరాకీ శవాల్ని చూసినప్పుడు తనకంత బాధ కలగలేదని అప్పుడు తట్టిందట. తన మీద తనకే రోత పుట్టిందట.

అంతే అన్నాడు. సైనిక రహస్యం చెప్పాడా? శత్రువుకి మ్యాపు ఇచ్చాడా? సినిమా బయటికి రాగానే పెంటగాన్ వాడి నోరు మూయించింది. మాట్లాడటమే ఉద్యోగమైనవాడికి మాట్లాడొద్దని ఆర్డరు! 14 ఏళ్ళ కొలువు వదిలి 2004లో బయటికొచ్చాడు. తర్వాత అదే అల్ జజీరా ఇంగ్లిష్ చానల్లో చేరాడు. ద్రోహి అన్నవాళ్ళూ ఉన్నారు.

మరి లాబీ కథ చెప్పిన బ్రూక్స్? నాలుగు నక్షత్రాల జనరల్ అయి, 2016 నుంచి 2018 దాకా కొరియాలో అమెరికా బలగాలకి అధిపతిగా ఏలాడు. నోరు జారితే నక్షత్రాలు, మనసు జారితే ఇంటిదారి. లెక్క తెలిసిందా?

అమెరికా వాళ్ళంతేలే అని నవ్వుతున్నారా? ఆగండి. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాంలో మన హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వైమానిక దళం మనుషులు, కింద ఒక మామూలు మనిషి. అది "పెద్ద తప్పు" అని వైమానిక దళాధిపతి భదౌరియా విలేకర్ల ముందు ఒప్పుకున్నది అక్టోబర్ 4న. నడుమ సార్వత్రిక ఎన్నికలు వచ్చి వెళ్ళాయి. అప్పటిదాకా "హెలికాప్టర్ కూలిపోయింది". తనంతట తనే, పండు రాలినట్టు! ఆ ఏడు నెలలూ మీరు ఒక్కసారైనా అడిగారా, కూల్చిందెవరని? అడిగినవాణ్ణి పాకిస్తాన్ పొమ్మన్నది ఎవరు? నన్నూ పొమ్మంటారు, తెలుసు. అనండి. కర్త పేరు చెప్పి మరీ అనండి.

రేపు పొద్దున పేపర్లో "సైనిక ప్రతినిధి వెల్లడించారు" అన్న వార్త వస్తుంది. పిల్లవాడి పెన్సిలు తీసుకుని అందులో చంపినవాడి కింద ఒక గీత గీయండి. ఎక్కడ గీస్తారో చూద్దాం.