బోర్డు మీద ఇంటర్నేషనల్.. బాబ్లీ ఒడ్డున పాఠం

ఏటా జూలై 1న బాబ్లీ బ్యారేజీ గేట్లు పైకి లేస్తాయి. కేంద్ర జల సంఘం అధికారులు, మహారాష్ట్ర, తెలంగాణ ఇంజినీర్లు వస్తారు. నీళ్ళు కిందికి, బాసర దిక్కు కదులుతాయి. మర్నాడు పేపర్లో ఫొటోతో వార్త పడుతుంది. అక్టోబర్ 28తో గడువు ముగిసి గేట్లు మళ్ళీ దిగుతాయి. మళ్ళీ వార్త. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జరిగే తంతు ఇది. ఇందులో మన బడి పిల్లల పాత్ర ఏమిటి? ఈ మాట అడిగితే చాలామంది నవ్వుతారు. 'పిల్లలకక్కడ ఏం పని, పుస్తకాలు చదువుకోక' అంటారు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ధర్మాబాద్, బిలోలి, ఉమ్రి, దెగ్లూర్ వైపు తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఒకటే రంది. పిల్లల్ని 'ఇంటర్నేషనల్' బడిలో వేయాలి. నాందేడ్‌లోనో, నిజామాబాద్‌లోనో.. స్తోమత ఉంటే హైదరాబాద్‌లోనో, పూణెలోనో. మిర్చి అమ్మిన పైసలు, సోయా పైసలు కల్లం నుంచి నేరుగా ఫీజు కౌంటర్‌కు పోతున్నాయి. చాలనివాళ్ళు అప్పు తెస్తున్నారు. బిడ్డ బాగుపడాలన్న తపనను ఎవరూ తప్పుపట్టరు. కానీ అప్పు చేసే ముందు ఒక్కమాట అడగాలి కదా. ఆ బోర్డు వెనక ఉన్న చదువేమిటి?

బోర్డు వేరు, బడి వేరు

పేరులో ఇంటర్నేషనల్ అని పెట్టుకున్న బడులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో చెప్పేది సీబీఎస్ఈ పాఠాలు, లేదంటే రాష్ట్ర సిలబస్. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ పాఠాలకు ఆ పేరు పెట్టి రెండింతల ఫీజు గుంజితేనే ఇబ్బంది. నిజమైన అంతర్జాతీయ పాఠ్యప్రణాళికల్లో పేరున్నది ఇంటర్నేషనల్ బాకలారియెట్. పొట్టిగా ఐబీ అంటారు. 1968లో జెనీవాలో పుట్టింది. హైదరాబాద్, పూణె, ముంబైలలో దాని గుర్తింపు ఉన్న బడులున్నాయి. ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది.

అంత డబ్బు పెట్టి ఆ పిల్లలు క్లాసులో చేసేదేమిటని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టీచర్ ముందు జవాబు చెప్పడు, ప్రశ్న వేస్తాడు. పిల్లలు వెతకాలి, కొలవాలి, పదిమందిని అడగాలి, తేలింది రాయాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఈడు పిల్లలు ఒక్కరుగానో, ముగ్గురికి మించని జట్టుగానో ఒక కమ్యూనిటీ ప్రాజెక్టు చేయాలి. ఒక్కొక్కరు కనీసం 15 గంటలు దానికి పెట్టాలి. ముందు ఊరికి ఏం అవసరమో తెలుసుకోవాలి, ఆ తర్వాత పథకం వేసుకోవాలి, పని చేయాలి, చివరికి ఏం నేర్చుకున్నామో నలుగురి ముందు చెప్పాలి. ఇంటర్ స్థాయి డిప్లొమాలోనైతే సమాజ సేవ అనుభవం లేకుండా సర్టిఫికెట్టే రాదు.

ఈ ఆలోచన వెనక ఒక కథ ఉంది. కర్ట్ హాన్ అనే జర్మన్ విద్యావేత్త ఆలోచనతో 1962లో బ్రిటన్‌లోని వేల్స్ సముద్రతీరంలో అట్లాంటిక్ కాలేజీ పెట్టారు. అక్కడి విద్యార్థులకు సేవ అంటే చెట్టు నాటి ఫొటో దిగడం కాదు. పడవలు నడిపి, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను ఒడ్డుకు చేర్చడం. అడుగున గట్టి చెక్క, చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టం ఉండే రక్షణ పడవ అక్కడే రూపు దిద్దుకుంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. తీరంలో ఉన్న బడి తీరానికి పనికొచ్చే పని చేసిందన్నమాట.

అదే కుటుంబానికి చెందిన కాలేజీ మన మహారాష్ట్రలోనూ ఉంది. పూణె జిల్లా ముల్షీ తాలూకాలో 1997లో మహీంద్రా యునైటెడ్ వరల్డ్ కాలేజీ మొదలైంది. దేశదేశాల పిల్లలు అక్కడ చదువుతూ చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేస్తారు. చిత్రమేమిటంటే, ఆనకట్టలో భూములు పోతున్నాయని 1921లో సేనాపతి బాపట్ వెంట రైతులు సత్యాగ్రహం చేసింది ఆ ముల్షీలోనే. ఆనకట్ట, రైతు, నీళ్ళు.. ఈ మాటలు బాబ్లీవాళ్ళకు కొత్తవా?

మనకిది పరాయి సంగతి కాదు

'అదంతా ఉన్నోళ్ళ చదువు' అని కొట్టిపారేయొద్దు. చేతిపని ద్వారా, ఊరి ద్వారా చదువు చెప్పాలని గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించింది ఈ మహారాష్ట్ర గడ్డ మీదే. 1937 అక్టోబర్‌లో వార్ధాలో జరిగిన సభలో ఆ చర్చ జరిగింది. జెనీవాలో ఐబీ పుట్టడానికి 31 ఏళ్ళ ముందు సంగతి ఇది. 2009 విద్యాహక్కు చట్టం కూడా పిల్లలు పనులు చేస్తూ, శోధిస్తూ నేర్చుకోవాలని, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని అంటున్నది. 2020 జాతీయ విద్యావిధానమైతే 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు సంచి లేని రోజులు ఉండాలని చెప్పింది. అంటే కాగితం మీద మన జిల్లా పరిషత్ బడికీ, లక్షల ఫీజు బడికీ పెద్ద తేడా లేదు.

తేడా అంతా ఆచరణలోనే. ప్రాజెక్టు వర్క్ అనేసరికి మన దగ్గర ఏం జరుగుతున్నది? బుక్ స్టాల్‌లో రెడీమేడ్ చార్టు దొరుకుతుంది. జిరాక్స్ సెంటర్‌వాడు నెట్‌లోంచి నాలుగు పేజీలు తీసి బైండింగ్ చేసి ఇస్తాడు. అమ్మో, అక్కో రాత్రి కూర్చుని బొమ్మలు అంటిస్తారు. సార్ సంతకం పెడతారు, మార్కులు పడతాయి. పిల్లకు వచ్చిందేమిటి? గమ్ పూయడం! పేరున్న ప్రైవేటు బడులు కూడా దీనికి అతీతం కాదు. అనాథాశ్రమానికి ఒక పూట పోయి అరటిపండ్లు పంచి, గ్రూప్ ఫొటో దిగి, దానికి కమ్యూనిటీ ప్రాజెక్ట్ అని పేరు పెట్టేవాళ్ళున్నారు. పండ్లు తిన్న పిల్లలకు మర్నాడు ఏమైందో ఎవరికీ పట్టదు.

బ్యారేజీని మించిన ల్యాబ్ ఉందా?

ఇప్పుడు బాబ్లీ సంగతికి వద్దాం. గోదావరి మీద 14 గేట్ల బ్యారేజీ. నిల్వ 2.74 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో సుమారు 2,832 కోట్లు. అయితే బాబ్లీలో ఎన్ని లీటర్లు పడతాయి? ఏడో తరగతి పిల్లకు ఇంతకన్నా మంచి లెక్క ఏముంటుంది? 7,760 కోట్ల లీటర్లని తనే తేల్చుకుంటుంది. తీర్పు ప్రకారం మార్చి 1న కిందికి వదలాల్సిన 0.6 టీఎంసీ ఎన్ని లీటర్లు? గేట్లు ఎత్తి ఉంచాల్సింది ఎన్ని రోజులు? జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా లెక్కపెడితే సరిగ్గా 120.

కింద పోచంపాడు, అంటే శ్రీరాంసాగర్, 112 టీఎంసీల నిల్వకు కట్టింది. పూడిక పడి ఆ నిల్వ బాగా తగ్గింది. పూడిక ఎక్కడి నుంచి వస్తున్నది? మన చేలల్లోంచి కొట్టుకుపోయే మట్టి సంగతేమిటి? వానలు బాగా పడిన ఏడాది 2.74 టీఎంసీలు ఎంత, కరువు ఏడాది ఎంత? బ్యారేజీ పోచంపాడు ముంపు ప్రాంతంలోనే ఉండటం వల్ల కిందివాళ్ళు ఎందుకు భయపడ్డారు? పై రైతుకు బ్యారేజీ ఎందుకు కావాల్సి వచ్చింది? సైన్సు, లెక్కలు, భూగోళం, పౌరశాస్త్రం.. నాలుగూ ఒక్కచోటే ఉన్నాయి. పదో తరగతివాళ్ళకైతే 1975 నాటి రెండు రాష్ట్రాల ఒప్పందం, 1980 గోదావరి ట్రిబ్యునల్ తీర్పు, 2013 సుప్రీంకోర్టు తీర్పు పక్కపక్కన పెట్టి చదివిస్తే రాజ్యాంగం పాఠం బట్టీ పట్టాల్సిన పనే లేదు.

2010 జూలైలో బాబ్లీ చూడటానికి వచ్చిన చంద్రబాబు నాయుడును, ఆయన వెంట ఉన్న ప్రజాప్రతినిధులను పోలీసులు అరెస్టు చేసి ధర్మాబాద్ ఐటీఐలో ఉంచారు. దేశమంతా టీవీల్లో చూసింది. పని నేర్పే విద్యాసంస్థ ఆ నాలుగు రోజులు జైలుగా మారి వార్తకెక్కింది. మన ప్రాంతపు బడి ఒక మంచి పనితో వార్తకెక్కేది ఎప్పుడు?

దీనికి లక్షలు అక్కర్లేదు. జూన్‌లో బడి తెరవగానే పిల్లలు ఒక ప్రశ్న ఎంచుకోవాలి. జూలై 1న సార్ల వెంట, అధికారుల అనుమతితో పోయి గేట్లెత్తడం చూడాలి. వాన కొలిచే డబ్బా బడిలోనే చేసుకోవచ్చు. గట్టు మీద ఒక పాత బావి ఎంచుకుని నెలనెలా తాడు వేసి నీటిమట్టం రాయాలి. అక్టోబర్ 28 తర్వాత గేట్లు దిగాక ఆ బావిలో నీళ్ళు పెరిగాయా? మార్చిలో నీళ్ళు వదిలాక తగ్గాయా? చేపలు పట్టేవాళ్ళను, మోటార్లు పెట్టుకున్న రైతులను అడిగి రాసుకోవాలి. మే 1 గ్రామసభలో ఊరి ముందు చదివి వినిపించాలి. ఏటా కొత్త జట్టు అదే బావి కొలిస్తే, పదేళ్ళకు ఊరి దగ్గర తన సొంత లెక్కలుంటాయి. నాయకులు చెప్పిందే నమ్మాల్సిన గతి పట్టదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పెద్దవాళ్ళు లేకుండా పిల్లలు నది దగ్గరికి, బావి దగ్గరికి పోకూడదు. తాడు వేసేది పెద్దవాళ్ళు, కొలత రాసేది పిల్లలు.

రెండు భాషలు భారం కాదు

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. దీన్ని లోపంగా చూడటం అలవాటైపోయింది. 'మా వాడికి ఏ భాషా సరిగ్గ రాదు' అని తల్లిదండ్రులే అంటుంటారు. ఐబీ డిప్లొమాలో రెండో భాష తప్పనిసరి. అక్కడ ఫీజు కట్టి నేర్చుకునే దానిని మన పిల్లలు వాకిట్లో ఆడుకుంటూ నేర్చుకున్నారు. బాబ్లీ రైతును మరాఠీలో, బాసర చేపలాయనను తెలుగులో అడిగి, రెండూ పక్కపక్కన రాయగలిగేది ఎవరు? పూణె పిల్లలా, హైదరాబాద్ పిల్లలా? కాదు, మన పిల్లలే. 1956 ముందు ముథోల్, భైంసా కూడా నాందేడ్ జిల్లాలోనే ఉండేవి. అంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ కాలం చూసిన అవ్వాతాతలు కొందరైనా ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట రాసిపెట్టడం కూడా ప్రాజెక్టే. అయితే తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు రాయడం కూడా రావాలి. ఆ ఏర్పాటు అడగడం మన హక్కు.

ఇక అభ్యంతరాలు. జిల్లా పరిషత్ బడిలో సార్లు తక్కువ, వాళ్ళ మీద సర్వేల పని, ఎలక్షన్ల పని ఎక్కువ. నిజమే. ఇంగ్లిష్ రాకపోతే రేపు నౌకరీ ఎట్ల అన్నది కూడా నిజమే. ఇంగ్లిష్ గట్టిగా నేర్పాల్సిందే, దానికి ఎవరూ అడ్డం కాదు. కానీ ఇంగ్లిష్ ఒక భాష, ఆలోచించడం ఇంకొక విద్య. మొదటిది కొని రెండోది మరిచిపోతే కాల్ సెంటర్‌లో గొంతు మిగులుతుంది, అంతే.

సర్కారు తెచ్చిపెడుతుందిలే అని కూర్చోవడానికీ లేదు. జిల్లా పరిషత్ బడులను అంతర్జాతీయ స్థాయికి తెస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో ఒక ఇంటర్నేషనల్ బోర్డే పెట్టింది. ప్రభుత్వం మారాక కొన్నేళ్ళకే రద్దయింది. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదే అక్కడా ప్రభుత్వం మారింది. బోర్డులు వస్తాయి, పోతాయి. గోదావరి మాత్రం మన ఊరి పక్కనే ఉంటుంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. ఏ బడిలో చేర్చినా సరే, ఫీజు ఎంతని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నిరుడు మీ పిల్లలు చేసిన ప్రాజెక్టు ఏది? దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగింది? ఆ సంగతి పిల్లే చెప్పగలదా? జవాబు లేకపోతే బోర్డు ఎంత పెద్దదైనా వెనక్కి రండి. సార్లకు, సర్పంచులకు ఇంకో మనవి. వచ్చే జూలై 1న బాబ్లీలో అధికారుల వరుస పక్కన ఒక పిల్లల వరుస కూడా ఉండేట్టు చూడండి. అవతలి నుంచి బాసర బడి పిల్లలు కూడా వస్తే మరీ మంచిది. పెద్దలు కోర్టుల్లో ఏళ్ళ తరబడి కొట్లాడిన నీళ్ళను, రెండు ఒడ్డుల పిల్లలు కలిసి ఒక్క నోటుబుక్‌లో కొలవనీయండి.