నిజాంసాగర్ మీద ఫఖ్ర్ సరే, బేటీకి సైకిల్ ఏది?



వానాకాలంలో నిజాంసాగర్ గేట్లు ఎత్తగానే మన వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు మొదలవుతాయి. నురగలు కక్కుతూ దూకే మంజీర, వెనకాల ఒక ఖవ్వాలీ, కింద ఒక లైను: 'మన నిజాం సర్కార్ కట్టించింది'. మాషా అల్లాహ్ అని అందరం రాస్తాం. ఆ ఐతారమే కార్లు, బైకులు కట్ట దగ్గరికి చేరతాయి. డేగుల్లో బిర్యానీ, థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, బండి సీటు మీద నిలబడి రీల్ తీసుకునే కుర్రాళ్లు. మగ్రిబ్ లోపల అందరూ ఇళ్లకు వాపస్. ప్లేట్లు మాత్రం నీళ్ల ఒడ్డునే.

దయచేసి దీన్ని ఫఖ్ర్ అనకండి. విరాసత్‌ని మొహబ్బత్ చేయడం అంటే దాన్ని నాలుగు గంటలు తొక్కి, చెత్త చేసి రావడం కాదు.

నా దావా ఇది. నిజాంసాగర్ కాలువ గట్లు, మంజీర ఒడ్డు, పోచారం అడవి అంచు చూడటానికి తగిన సవారీ సైకిల్. ఆ సవారీని గరీబీ నిశానీ అని మగవాళ్లం వదిలేశాం. బేహయాయీ అని ఆడపిల్లలకు బంద్ చేశాం. రెండూ గలతే. ఈ రెండు గలతీలు సరిదిద్దుకోకుండా నిజాంసాగర్ మాది అని చెప్పుకునే హక్ మనకు సగమే ఉంటుంది.

ముందు తారీఖ్ చూద్దాం. వీడియో కింద రాసే ఒక్క లైను సరిపోదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్‌లో 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్టిన ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఆయన 1877 జులై 11న పుట్టారు. ఆ రోజునే తెలంగాణ సర్కార్ ఇంజినీర్స్ డేగా జరుపుతోంది. మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకు ఆ నామ్ తెలుసు? అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల మధ్య మంజీరకు అడ్డంగా సుమారు మూడు కిలోమీటర్ల రాతి కట్ట, దాని మీద 14 అడుగుల వెడల్పు రోడ్డు. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలని ఆనాటి లెక్క. ఆ నీళ్లతోనే బోధన్ చుట్టూ చెరకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. శక్కర్‌నగర్ అనే పేరు పుట్టింది.

తారీఖ్‌లో ఇంకో సఫా కూడా ఉంది. వీడియోల్లో అది రాదు. ఈ జలాశయం కోసం 40 ఊళ్ల దాకా ఖాళీ చేయించారు. వాళ్ల ఇళ్లు, బావులు, ఖబరస్తాన్లు, గుళ్లు నీళ్ల కిందికి పోయాయి. నీళ్ల వల్ల కడుపు నిండినవాళ్లందరం ఆ ఊళ్లకు కర్జ్‌దారులం. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టే సాగర్‌లో ఇప్పుడు పట్టేది 17.8 టీఎంసీలు. మిగతా జాగా పూడికది. ఇది మన చేతికి వచ్చిన అమానత్. అమానత్‌లో ఖయానత్ ఎంత పెద్ద గునాహో జుమ్మా ఖుత్బాలో వింటూనే ఉంటాం. ఆ మాట నీళ్ల ఒడ్డున ఎందుకు యాద్ రాదు?

ఇప్పుడు సైకిల్ మాట. సైకిలే ఎందుకు అని అడుగుతారు. జవాబు ఆ ఇంజినీర్ల పనిలోనే ఉంది. నిజాంసాగర్ కాలువలో నీళ్లను మోటారు నెట్టదు. కట్ట దగ్గర మొదలై బాన్సువాడ, బోధన్ వైపు నీళ్లు తమంతట తాము పారాలి. అందుకే భూమి వాలు చూసి, గుట్టలు తప్పించి, కంటికి కనపడనంత కొద్ది వంపుతో కాలువ తవ్వారు. కాలువ పక్కన గట్టు కూడా అదే వంపులో పోతుంది. అంటే అక్కడ ఎక్కుడు లేదు, దిగుడు లేదు. పన్నెండేళ్ల పిల్ల, నలభై అయిదేళ్ల అమ్మీ, మోకాళ్ల నొప్పుల అబ్బా, ఎవరైనా తొక్కగలరు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి మళ్లు. హాలండ్‌లో సముద్రాన్ని ఆపే కట్టల మీద జనం సైకిళ్లు తొక్కుతారు. జర్మనీ పస్సావు నుంచి ఆస్ట్రియా వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సైకిల్ బాట ఉంది, దునియా అంతటి నుంచి ముసాఫిర్లు సామాను కట్టుకుని అక్కడికి వస్తారు. ఆ బాటల గుట్టు ఇదే. నీళ్ల వెంట నేల చదునుగా ఉంటుంది. కుదరత్ మనకూ అదే ఇచ్చింది. మనం దాని మీద బుల్లెట్ బండి సైలెన్సర్ తీసేసి తిరుగుతున్నాం.

కారులో పోతే మంజీర ఒక సెల్ఫీ, అంతే. సైకిల్ మీద పోతే ఊరి పేర్లు తెలుస్తాయి. చేపలు పట్టేవాళ్లతో సలాం దువా అవుతుంది. చలికాలంలో తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతులు కనపడతాయి. అవి హిమాలయాల మీదుగా ఎగిరి ఇక్కడికి మెహమాన్లుగా వస్తాయి. మెహమాన్ల ముందు డీజే పెట్టే ఖాందాన్ ఎక్కడైనా ఉంటుందా? మనం పెడుతున్నాం.

పక్షుల మాట వచ్చింది కాబట్టి ఒక నామ్ చెప్పాలి. నిజాంసాగర్ పూర్తయిన ఆ రోజుల్లోనే, 1931-32లో, సలీం అలీ సాహెబ్ హైదరాబాద్ రియాసత్ అంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. హిందుస్తాన్‌లో పక్షుల ఇల్మ్‌కి పెద్ద దిక్కు ఆయన. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అడవిని కాపాడటంలో ఆయన హిస్సా పెద్దది. ఆ భరత్‌పూర్‌కి పోయి చూడండి. టూరిస్టులు లోపలికి సైకిళ్ల మీద, రిక్షాల మీద పోతారు. రిక్షా నడిపేవాళ్లే పక్షుల పేర్లు చెప్పే గైడ్లు. అడవికి చప్పుడు లేదు, వాళ్లకు రోజ్‌గార్ ఉంది. సలీం అలీ మన కౌమ్ వాడని స్టేటస్ పెట్టుకుంటాం. ఆయన ప్రేమించిన పక్షులు మన ఊరి నీళ్ల మీదే వాలుతుంటే తల ఎత్తి చూడం.

పోచారం సంగతి వేరే, అక్కడ షరతులున్నాయి. ఎల్లారెడ్డికి ఒక దిక్కు నిజాంసాగర్ ఉంటే ఇంకో దిక్కు, మెదక్ దారిలో, పోచారం అభయారణ్యం. 1916 నుంచి 1922 దాకా కట్టిన పోచారం చెరువు దానికి పేరు ఇచ్చింది. 2025 ఆగస్టు వరదల్లో వందేళ్లు దాటిన ఆ కట్ట తట్టుకుని నిలబడ్డది మనం చూశాం. ఒకప్పుడు ఆ అడవి నిజాంల షికార్‌గాహ్. 1952లో అభయారణ్యం అయింది. సుమారు 130 చదరపు కిలోమీటర్లు. జింకలు, నీల్‌గాయ్‌లు, నాలుగు కొమ్ముల జింక, చిరుత ఉన్న జాగా అది. షికార్ చేసిన చోటే పనాహ్ ఇవ్వడం, ఇంతకంటే మంచి తౌబా అడవికి ఏముంటుంది?

కాబట్టి సైకిల్ ఉంది కదా అని అడవిలో ఎటు పడితే అటు దూరడానికి ఇజాజత్ లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పోవాలంటే పర్మిట్ కావాలి. అడవి గుండా పోయే పబ్లిక్ రోడ్డు మీద పోవడానికి అడ్డు లేదు. ఆ తేడా తెలుసుకుని పోవాలి. సైకిల్‌కి చప్పుడు ఉండదు, అది మంచిదే, కానీ చప్పుడు లేకుండా దగ్గరికి వచ్చే మనిషిని చూసి జానవర్ ఉలిక్కిపడుతుంది కూడా. పగటి పూట, ఫారెస్టువాళ్లు చూపిన బాట మీద, చిన్న గుంపుగా, గంట మోగించుకుంటూ పోవాలి. కుక్కకు నీళ్లు తాపినవాడికి మగ్‌ఫిరత్ దక్కిందని, పిల్లిని కట్టేసి చంపిన ఆమెకు అజాబ్ వచ్చిందని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. జింకకు వేరే మస్‌అలా ఉంటుందా?

ఇక అసలు గాయం దగ్గరికి వస్తా. మన మొహల్లాలో పదేళ్ల పిల్ల సైకిల్ తొక్కితే ముద్దు. పన్నెండు దాటిందో లేదో సైకిల్ తమ్ముడికి పోతుంది. "ఇంక జవాన్ అయింది, జమానా బాగాలేదు" అంటారు. కొందరు దీన్‌ని అడ్డం పెడతారు. దీన్ ఏం చెప్పిందో వాళ్లే చూడాలి. ఒంటెలెక్కే ఖురైష్ స్త్రీలను హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం మెచ్చుకున్న హదీస్ బుఖారీలో ఉంది. బీబీ ఆయెషాతో హుజూర్ పరుగు పందెం పెట్టుకున్న రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. ఒకసారి ఆమె గెలిచారు, ఇంకోసారి ఆయన గెలిచారు. ఒంటె సవారీ హయాకి అడ్డం రాలేదు. సైకిల్ సవారీ ఎట్లా అడ్డం వచ్చింది? పర్దా పాటించే పిల్లకు సల్వార్ కమీజ్ మీద, హిజాబ్ మీద సైకిల్ తొక్కడం రాదా? చైనుకు కవర్ ఉన్న లేడీస్ సైకిల్ మన బజారులోనే దొరుకుతుంది. ఆటోలో పరాయి మగవాళ్ల మధ్య ఇరుక్కుని కాలేజీకి పోవడం పర్దాలో ఉన్నట్టు, తన సైకిల్ మీద తాను పోవడం బేపర్దా అయినట్టు, ఇదెక్కడి మంతిక్?

తమిళనాడు పుదుకోట్టై చూడండి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో సైకిల్ నేర్పడం ఒక పాఠం. లక్షకు పైగా పల్లె ఆడవాళ్లు సైకిల్ ఎక్కారని పి. సాయినాథ్ రాశారు. అందులో కట్టుబాట్లున్న ముస్లిం ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు. నీళ్లు తేవడం, సరుకులు అమ్ముకోవడం, బస్సు కోసం ఎదురు చూడకుండా బతకడం నేర్చుకున్నారు. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ ఇచ్చారు, హైస్కూల్లో వాళ్ల సంఖ్య గట్టిగా పెరిగింది. ఇక్కడ మనం తాలీం తాలీం అని జల్సాలు పెడతాం. తాలీం దగ్గరికి తీసుకుపోయే చక్రం మాత్రం లాక్కుంటాం.

"రోడ్డు సేఫ్ కాదు, అకేలీ ఎట్లా పంపాలి?" అనే అమ్మీల డర్ నాకు అర్థమవుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ డర్‌కి ఇలాజ్ పిల్లను ఇంట్లో పెట్టడం కాదు, అబ్బా కూడా సైకిల్ ఎక్కడం. ఖాందాన్ మొత్తం కలిసి పోతే అకేలీ మాట ఎక్కడిది? పైగా ఆ అబ్బాకే షుగర్, బీపీ. వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదలాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. మనకు కదిలేది దస్తర్‌ఖాన్ దగ్గర చేయి ఒక్కటే. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతా. కాలువలోకి దిగవద్దు, పిల్లల్ని దింపవద్దు. పైకి నెమ్మదిగా కనపడే నీళ్లకు లోపల జోరు ఉంటుంది.

గరీబీ నిశానీ అనే మాట ఇంకా బాధ పెడుతుంది. గంటకింత అని సైకిళ్లు కిరాయికి ఇచ్చిన దుకాణాలు ఊరూరా మనవాళ్లవే ఉండేవి. రిమ్ము కంపు తీసింది, ట్యూబుకు అతుకు వేసింది మన చేతులు. ఇవాళ 'పంక్చర్‌వాలా' అని మనల్ని గేలి చేసేవాళ్లున్నారు. హలాల్ రోజీ సంపాదించిన చేతికి షరమ్ దేనికి? గేలి చేసినవాళ్ల మాట మన దిల్‌లోకి ఎక్కి, సైకిల్ చూస్తే మనమే సిగ్గుపడితే వాళ్లు గెలిచినట్టే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, 2023లో తెరిచారు. అమీర్లు అక్కడ మహంగా సైకిళ్లు తొక్కితే సెహత్, మన మొహల్లాలో తొక్కితే గరీబీనా?

సర్కార్‌కీ నాలుగు మాటలు. నిజాంసాగర్‌ని టూరిజం జాగా చేస్తామని ఎవరు వచ్చినా చెబుతారు. చెప్పేది ఎప్పుడూ కాటేజీలు, బోట్లు, హోటళ్ల గురించే. అంత ఖర్చు అక్కర్లేదు. కాలువ గట్టు మీద కొన్ని కిలోమీటర్లు చదును చేసి, ఐతారం పొద్దున మోటారు బండ్లు ఆపండి. కట్ట మీదికి భద్రత కోసం రానివ్వమంటే సరే, కట్ట కింది బాట చాలు. ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్, తాగే నీళ్లు పెట్టండి. కిరాయి సైకిళ్లు నడిపే పని ఒడ్డు ఊళ్ల మహిళా సంఘాలకు ఇవ్వండి. అలీ నవాజ్ జంగ్ ఎవరో, ముంపు ఊళ్లు ఏవో తెలుగులో, ఉర్దూలో బోర్డు రాయించండి. రిసార్టు గోడ లేస్తే ఒడ్డు కొందరిది అవుతుంది. బాట వేస్తే అందరిదీ అవుతుంది.

మస్జిద్ కమిటీలు సర్కార్ కోసం ఆగక్కర్లేదు. రంజాన్ తర్వాత ఒక ఐతారం ఫజ్ర్ నమాజ్ కాగానే ఖాందాన్లతో సైకిల్ సఫర్ పెట్టండి. బాట మీద అడ్డాన్ని తీసేయడం ఈమాన్‌లో ఒక భాగమని నేర్పిన దీన్ మనది. ఒక్కో సైకిల్‌కి ఒక్కో సంచి కట్టుకుని, తెచ్చిన చెత్తతో పాటు పడి ఉన్న చెత్త కూడా వాపస్ తెండి.

ఆఖరికి అబ్బాలకు ఒక్క సవాల్. షాదీ రోజున దామాద్‌కి లక్ష రూపాయల బైక్ కర్జ్ చేసి మరీ ఇస్తారు. ఆ బైక్ వెనక సీటు మీద మీ బేటీ పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఆమెకు పన్నెండేళ్లప్పుడు కొన్ని వేల రూపాయల సైకిల్ ఇచ్చి, నిజాంసాగర్ గట్టు మీద ముందు పోనిచ్చి, మీరు వెనక తొక్కి ఉంటే ఆమె నసీబ్ ఇంకో తీరుగా ఉండేదేమో, ఒక్కసారి దిల్ మీద చేయి పెట్టి సోంచాయించండి.