బీటెక్ చదివి జిమ్ ట్రైనరా?

ఈ ప్రశ్న మా ఇంట్లో ఈ ఏడాది ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఫిట్‌నెస్ రంగంలోకి వెళ్ళాలని ఉంది. నాలాంటివాళ్ళు బ్రాంచికి ఇద్దరు ముగ్గురైనా ఉన్నారని సాయంత్రం ఆరు దాటాక హాస్టల్ జిమ్‌కి వస్తే మీకే తెలుస్తుంది. మా మధ్య నడిచే చర్చ ఒక్కటే: దీనికోసం మళ్ళీ ఇంకో డిగ్రీ చదవాలా, సర్టిఫికెట్ ఒకటి చేస్తే చాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు సర్టిఫికెట్, అవసరం పడితేనే డిగ్రీ. చేతిలో ఉన్న బీటెక్‌ని మాత్రం మధ్యలో వదలొద్దు.

మొదట డిగ్రీల సంగతి. మనవైపు వ్యాయామ విద్య అనగానే గుర్తొచ్చేది బీపీఈడీ. రెండేళ్ళ కోర్సు. ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా అర్హతే కాబట్టి బీటెక్ వాళ్ళూ పీఈసెట్ రాయొచ్చు. అయితే అక్కడ పెన్ను పట్టుకుంటే సరిపోదు, పరుగు, షాట్‌పుట్ లాంటి ఫిజికల్ టెస్టులుంటాయి. స్కూల్లో పీఈటీ కావాలన్నా, ఆ వైపు సర్కారీ కొలువు కావాలన్నా సర్టిఫికెట్లు పనికిరావు, ఇలాంటి చదువే కావాలి. ఇక గాయపడ్డవాళ్ళను మళ్ళీ నడిపించాలనుంటే ఫిజియోథెరపీ చదవాలి. దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. మనలో ఎక్కువమంది ఎంపీసీ బ్యాచే కదా, ఆ తలుపు మనకి ఇంటర్‌లోనే మూసుకుపోయింది.

మరి జిమ్‌లో ట్రైనర్‌గా పనిచేయాలంటే? ఏస్, నాస్మ్ లాంటి అమెరికన్ సంస్థల పరీక్షలకు మన జిమ్‌లలోనూ విలువుంది. వీటికి పద్దెనిమిదేళ్ళు నిండి, ఇంటర్ స్థాయి చదువు, సీపీఆర్ సర్టిఫికెట్ ఉంటే చాలు. కొన్ని నెలలు కూర్చుని చదివితే రాయగలిగే పరీక్షలే. శరీర నిర్మాణం, క్లయింటు పరిస్థితి అంచనా వేయడం, ప్రోగ్రామ్ రాయడం, ఎక్కడ ఆగి డాక్టరు దగ్గరికి పంపాలి అన్నవి సిలబస్‌లో ఉంటాయి. పైగా రెండేళ్ళకోసారి కొత్త విషయాలు నేర్చుకుని రెన్యువల్ చేయించుకోవాలి. మన బీటెక్ పట్టాకి ఆ బెడద లేదు, అందుకే నాలుగేళ్ళలో చదివింది నాలుగు నెలల్లో మర్చిపోతున్నాం!

అలాగని సర్టిఫికెట్ మీద నాకు గుడ్డి నమ్మకం లేదు. శని, ఆదివారాల్లో రెండు క్లాసులు చెప్పి ఫోటోతో సహా పట్టా చేతిలో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ విషయంలో మనం తేలిగ్గా ఉండకూడదు. జిమ్‌కి వచ్చేవాళ్ళందరూ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు కారు. బీపీ ఉన్న బాబాయి ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ క్షణంలో బీపీ అమాంతం పెరుగుతుంది. ఇన్సులిన్ తీసుకునే పిన్నిగారు ఖాళీ కడుపుతో ట్రెడ్‌మిల్ ఎక్కితే షుగర్ పడిపోవచ్చు. మనిషి కుప్పకూలితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కాలన్న సంగతి ఆ గదిలో ఒక్కరికైనా తెలిసుండాలి. మన ప్రోగ్రామ్‌లో తప్పుంటే కంపైలర్ ఎర్రగీత పెట్టి చెప్తుంది. మనిషి నడుము అలా చెప్పదు, ఆర్నెల్లాగి చెప్తుంది.

"నాకు మంచి బాడీ ఉంది, ఇంక సర్టిఫికెట్ దేనికి?" అనే అన్నయ్యలకు ఒక మాట. కోడి రామమూర్తి నాయుడుగారి కంటే బలవంతులం కాదు కదా మనం. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నవాడని దేశమంతా చెప్పుకున్న మనిషి. అంతటాయన మద్రాసు సైదాపేట వెళ్ళి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, విజయనగరంలో తను చదివిన స్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా చేరారు. బలం ఆయనకు అప్పటికే ఉంది. ఆ బలాన్ని ఇంకొకరికి ఎలా నేర్పాలో తెలుసుకోవడానికే ఆ ఏడాది. నాకు ఈ చర్చలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

బీటెక్ ఎందుకు వదలొద్దంటే, పై మెట్లకు ఏదో ఒక డిగ్రీ కావాలి. ఆటగాళ్ళతో పనిచేయాలనుకునేవాళ్ళు రాసే సీఎస్‌సీఎస్ పరీక్షకి డిగ్రీ తప్పనిసరి. ఆ నిబంధనను 2030 నుంచి ఇంకా బిగిస్తామని కూడా ప్రకటించారు. పీఈసెట్‌కీ డిగ్రీ కావాలని పైన చెప్పుకున్నదే. అదీకాక మనం చదివింది వృథా కాదు. డెడ్‌లిఫ్ట్‌లో బార్ ఒంటికి దూరం జరిగేకొద్దీ నడుము మీద మూమెంట్ ఎందుకు పెరుగుతుందో ఫస్టియర్ ఇంజనీరింగ్ మెకానిక్స్ చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే పరీక్షలో బీమ్, ఇక్కడ వెన్నెముక.

ఇంట్లోవాళ్ళ భయం కూడా అబద్ధం కాదు. మొదటి జీతం క్యాంపస్ ప్యాకేజీ ముందు చిన్నబోతుంది. పొద్దున ఐదింటికి ఒక షిఫ్టు, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఇంకో షిఫ్టు. ఫీజుల కోసం అప్పు చేసిన నాన్నకి "ప్యాషన్" అన్న ఒక్క మాట చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. ఆయనకు లెక్క చూపించాలి. పరీక్ష ఫీజు ఎంత, మొదటి రెండేళ్ళు ఎంత వస్తుంది, రాకపోతే ఏం చేస్తావు... కాగితం మీద పెట్టి చూపించాలి. ఆ లెక్క వేయలేకపోతే ఏ కోర్సులోనూ చేరొద్దు.

నేను వేసుకున్న లెక్క ఇది: నాలుగో సంవత్సరంలో బ్యాక్‌లాగ్ లేకుండా సర్టిఫికెట్, తర్వాత ఓ మంచి ట్రైనర్ దగ్గర ఏడాది పని. ఆ ఏడాదిలో నాకు అంతుపట్టని ప్రశ్నలు ఎక్కువైతే, అప్పుడు డిగ్రీ. ఏ డిగ్రీ అన్నది ఆ ప్రశ్నలే చెప్తాయి.