స్వేచ్ఛ యెవరిది? నష్ట మెవరిది?

గోదావరిఖనిలో బొగ్గుగనిని జనులు 'బాయి' యందురు. భూగర్భపు బాయిలోనికి దిగు కార్మికునియొద్ద బీడీగాని, సిగరెట్టుగాని, అగ్గిపెట్టెగాని యుండరాదనియు, త్రాగినవాడు లోనికి పోరాదనియు గనుల నిబంధనలు శాసించుచున్నవి. బీడీ వాని సొమ్ముతో కొన్నదే. పొగయు వాని రొమ్ములోనికే పోవును. అయినను ఈ కట్టుబాటు తన స్వేచ్ఛకు భంగమని యొక్క కార్మికుడైనను అనగా మేము వినలేదు. బొగ్గుపొరలనుండి మండెడు వాయువు వెలువడుచోట ఒక్కని అగ్గిపుల్ల అందఱి ప్రాణములను దీయగలదని వారెఱుగుదురు.

గని వెలుపల మాత్రము వాదము వేఱుగా నున్నది. జూదమాడుటయు, మత్తు సేవించుటయు మనుష్యుని సొంత విషయములనియు, ప్రభుత్వమునకు వానితో పనిలేదనియు కొందఱి మతము. సోదరీమణులారా, ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. 'నీ మేలుకొఱకే' యని చెప్పి మన అవ్వల చదువు మాన్పించినవారిని మనమెఱుగుదుము గదా! 1859లో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్టు మిల్లు స్వేచ్ఛనుగూర్చి వ్రాసిన గ్రంథములో, ఇతరులకు హాని కలుగునపుడే సంఘము వ్యక్తికి అడ్డుపడవచ్చునని వాదించెను. ఇది మాకును సమ్మతమే. కాని వ్యసనముచే ఆలుబిడ్డలను పోషింపజాలనివాడు, ధర్మము తప్పినందులకు శిక్షింపదగినవాడని కూడ ఆయనయే చెప్పెను. స్వేచ్ఛావాదులు మొదటిమాటను పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుచున్నారు.

బ్యాంకు ఖాతాలో పడిన జీతము తెల్లవారులోపల ఫోనులోని పేకాటలో కరగిపోవచ్చును. దసరాకు ముందు సింగరేణి లాభముల వాటా వచ్చు ఇండ్లలో ఈ భయము మఱింత యెక్కువ. ఆ సొమ్ములో కిరాణాకొట్టు బాకీయు, బిడ్డల ఫీజును, అత్తగారి మందులును చేరియే యున్నవి. అట్టి సొమ్మును ఒక్కడు ఒడ్డుట సొంత విషయ మెట్లగును?

అట్లని సమస్తమును నిషేధించిన చాలునా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా, ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లోనే సడలిపోయెను. దొంగరవాణా పెరిగినది, ఖజానా చిక్కినది. మద్యముపై వచ్చు ఆదాయమునకు అలవాటుపడిన ప్రభుత్వము నిషేధమును చిరకాలము మోయజాలదని అప్పుడు తేలినది.

కావున ఎవరిని పట్టవలె ననునదియే ముఖ్యము. 2017లో తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూదపు చట్టమును సవరించి, పందెము కట్టి ఫోనులో ఆడు ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము అట్టి ఆటలను నడపువారికి మూడేండ్లవఱకు చెఱయు, కోటి రూపాయలవఱకు జరిమానాయు విధించినది; ఆడినవానికి శిక్ష లేదు. ఇది సరియైన మార్గమని మా యభిప్రాయము. లాభము పొందువానిని దండించి, చిక్కుకొన్నవానిని విడిపింపవలెను.

గంజాయి విషయమున 1985 నాటి చట్టము కఠినమైనది. సేవించినవానిని సైతము శిక్షించును. కాని అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ చికిత్సాలయమునకుగాని, గుర్తింపు పొందిన చికిత్సాలయమునకుగాని పోయి చికిత్స పూర్తిచేసికొన్నచో, సేవించినందులకును, స్వల్ప పరిమాణము కలిగియున్నందులకును అభియోగమునుండి రక్షణ పొందుటకు ఆ చట్టముననే 64-ఏ విభాగము వీలు కల్పించుచున్నది. జైలుభయమున కొడుకు వ్యసనమును కొంగున దాచుకొను తల్లులు ఈ సంగతి నెఱుగవలెను. 14446 అను సంఖ్యకు ఫోనుచేసిన ఉచితముగా సలహా లభించును.

చట్టమున కెట్లును ఇంటి గడప దాటి వచ్చుట కష్టము. జీత మెంత వచ్చినది, ఎంత పోయినది అని అడుగుట అనుమానము కాదు, ఇల్లాలి హక్కు. మగవాని స్వేచ్ఛను గూర్చి సభలలో మాటలాడువారు ఆ హక్కును కూడ స్వేచ్ఛలో ఒక భాగముగా నెంచవలెనని మా కోరిక.