శ్రోతలు నిలబెట్టిన స్టేషన్

1987 జులై 1 మధ్యాహ్నం 3 గంటలకు న్యూయార్క్‌లో 1050 కిలోహెర్ట్జ్‌పై పాటలు ఆగిపోయాయి. అప్పటిదాకా గ్రామీణ అమెరికా బాణీలు వినిపించిన డబ్ల్యూహెచ్ఎన్ స్థానంలో డబ్ల్యూఎఫ్ఏఎన్ మొదలైంది. ఇరవైనాలుగు గంటలూ క్రీడల గురించే మాట్లాడే తొలి స్టేషన్‌గా దానికి పేరు. అందులో మొదట వినిపించిన గొంతు ఒక మహిళది. సంగీత నాటకరంగం నుంచి వచ్చిన సూజన్ వాల్డ్‌మన్ ఆనాటి క్రీడా వార్తలు చదివారు. మగవాళ్ల సొంతమనుకున్న రంగంలో నిలదొక్కుకుని, తర్వాతి కాలంలో ఆమె యాంకీస్ బేస్‌బాల్ జట్టు రేడియో వ్యాఖ్యాత అయ్యారు.

అంతకుముందు రేడియోలో ఆటలంటే ప్రధానంగా ప్రత్యక్ష వ్యాఖ్యానం, వార్తల చివర స్కోర్లు, సాయంత్రం కాసేపు చర్చ. స్టేషన్ యజమాని ఎమ్మిస్ సంస్థ అధిపతి జెఫ్ స్ముల్యాన్ రోజంతా ఆటలే ఉండాలన్నప్పుడు సొంత సంస్థలోనే చాలామంది వద్దన్నారు. ఆట లేని అర్ధరాత్రి ఏం మాట్లాడతారన్నది సహజమైన సందేహమే. కానీ స్టేషన్‌కు ఒక ఆస్తి ముందే ఉంది. 1986లో వరల్డ్ సిరీస్ గెలిచిన మెట్స్ జట్టు బేస్‌బాల్ ప్రసార హక్కులు డబ్ల్యూహెచ్ఎన్ నుంచి దానికి సంక్రమించాయి.

అయినా మొదటి ఏడాది నష్టాలే మిగిలాయి. తొలి వ్యాఖ్యాతల్లో జిమ్ లాంప్లీ, గ్రెగ్ గంబెల్ దేశమంతా తెలిసిన టీవీ ముఖాలు. పీట్ ఫ్రాంక్లిన్ క్లీవ్‌లాండ్‌లో పేరు తెచ్చుకుని వచ్చినవాడు. ముగ్గురూ అనుభవజ్ఞులే. న్యూయార్క్ శ్రోతకు మాత్రం తన వీధిలో పుట్టి, తన జట్టు ఓడితే తనతోపాటు కుమిలిపోయే మనిషి కావాలి. ఆ లోటు తీరడానికి రెండేళ్లు పట్టింది.

ఈలోగా 1988 అక్టోబర్ 7న స్టేషన్ 660 కిలోహెర్ట్జ్‌కు మారింది. ఎన్‌బీసీ సంస్థ తన రేడియో స్టేషన్లు అమ్మేస్తుంటే 660ని ఎమ్మిస్ కొన్నది. అది సామాన్యమైన స్థానం కాదు. 1922లో డబ్ల్యూఈఏఎఫ్‌గా మొదలైన స్టేషన్‌దే ఆ వారసత్వం. అదే ఏడాది ఆగస్టు 28న జాక్సన్ హైట్స్ పేటలోని ఇళ్ల అమ్మకం గురించి అక్కడ వినిపించిన ప్రసంగాన్ని అమెరికా రేడియోలో తొలి వాణిజ్య ప్రకటనగా చెబుతారు. 50 వేల వాట్ల శక్తి ఉండటంతో రాత్రివేళ తూర్పు తీర రాష్ట్రాలెన్నింటికో 660 అందేది. ఆ స్థానంతోపాటే డాన్ ఐమస్ ఉదయపు కార్యక్రమమూ వచ్చింది. అందులో ఆటలకంటే రాజకీయాలే ఎక్కువైనా స్టేషన్‌కు రాబడి తెచ్చింది. 2007లో రట్గర్స్ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుపై చేసిన జాత్యహంకార వ్యాఖ్యతో ఆ కార్యక్రమం ముగిసింది.

1989 సెప్టెంబర్‌లో మధ్యాహ్నపు వేళ మైక్ ఫ్రాన్సెసాకూ క్రిస్ రూసోకూ అప్పగించాక స్టేషన్‌కు అసలు స్వరం దొరికింది. ఇద్దరూ నగరం పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో పెరిగినవాళ్లే. ఫ్రాన్సెసాది నింపాదిగా తీర్పు చెప్పే ధోరణి, రూసోది మాట మాటకూ ఎగసిపడే ఆవేశం. ‘మైక్ అండ్ ద మ్యాడ్ డాగ్’ పేరుతో 2008 వరకూ సాగిన ఆ జోడీ వాదన నగర సాయంత్రాల్లో భాగమైంది.

అర్ధరాత్రి ఏం మాట్లాడతారన్న పాత సందేహానికి జవాబు ఫోన్ చేసినవాళ్లే ఇచ్చారు. టాక్సీ డ్రైవర్లు, రాత్రి షిఫ్టు కార్మికులు, నిద్రపట్టని వృద్ధులు గంటలకొద్దీ వరుసలో ఉండేవారు. ‘మొదటిసారి ఫోన్ చేస్తున్నా, చాలాకాలంగా వింటున్నా’ అనడం వాళ్ల పరిచయ వాక్యమైంది. ఆ వేళలో స్టీవ్ సోమర్స్ ముందుగా రాసుకున్న ఏకపాత్ర ప్రసంగాలతో కార్యక్రమం మొదలుపెట్టి, ఓటమిని కూడా కథగా చెప్పేవాడు. బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్ యాసలు ఏ సవరణా లేకుండా యథాతథంగా ప్రసారమయ్యాయి. ఈ స్టేషన్ చరిత్ర సాహిత్య పాఠకులకు పట్టవలసిన కారణం ఇదే. మామూలు మనిషి వాదించే తీరు, గత వైభవాన్ని తలచుకునే తీరు, ఓటమికి ఓదార్పు వెతుక్కునే తీరు ఇక్కడ ఏ రచయిత ప్రమేయమూ లేకుండా వినిపించాయి.

విజయం పోటీని తెచ్చింది. ఫిలడెల్ఫియా, బోస్టన్, షికాగోల్లోనూ ఇలాంటి స్టేషన్లు స్థిరపడ్డాయి. డబ్ల్యూఎఫ్ఏఎన్ వదిలేసిన 1050 పైనే 2001లో క్రీడా ప్రసార సంస్థ ఈఎస్‌పీఎన్ దానికి ప్రత్యర్థిగా దిగింది. 1992లో ఎమ్మిస్ నుంచి ఇన్ఫినిటీకి చేరిన స్టేషన్ తర్వాత సీబీఎస్, ఎంటర్‌కామ్ సంస్థల కిందికి వెళ్లింది. 2012 నవంబర్‌లో 101.9 ఎఫ్ఎంలోనూ వినిపించడం మొదలైంది. 2014లో మెట్స్ ప్రసారాలు వేరే స్టేషన్‌కు పోయి, వాటి స్థానంలో యాంకీస్ వచ్చాయి.

ఇన్ని మార్పుల్లో యజమానులు మారారు, తరంగం మారింది, జట్టు కూడా మారింది. మారనిది స్థానికత ఒక్కటే. దేశమంతటికీ నచ్చాలని మాట్లాడినప్పుడు నష్టపోయిన స్టేషన్, ఒక నగరానికే చెందినదిగా మాట్లాడినప్పుడు నిలబడింది. ప్రాంతీయ ప్రసారాలకు భవిష్యత్తు లేదనేవారికి ఈ చరిత్రే గట్టి సమాధానం.