పెరటి ముచ్చట్లు: కామంచి పండింది

మా కోయంబత్తూరు ఇంటి పెరట్లో, అంట్ల నీరు పారే చోట ప్రతి యేడూ తనంత తానే మొలిచే మొక్క ఒకటున్నది. విత్తనం ఎవరూ వేయరు. పిట్టలు తిని రాల్చిపోతవి. మా అత్తగారు దానిని కామంచి అనేవారు. ఇప్పుడు మా ఇంట అందరూ మణత్తక్కాళి అనే అంటున్నారు. బెంగుళూరులోని మా ఆడబడుచు గణికె సొప్పు అంటుంది. పేరు ఏదైనా ఫరవాలేదు గాని, మొక్కను గుర్తుపట్టడం మరచితే కష్టమే సుమా! అది కిందటి యేడు మాకు తెలిసివచ్చింది.

మనుమరాలికి నల్లగా మిగలపండిన కామంచి పండ్లు కోసి ఇచ్చి, "ఇవి తినవచ్చునమ్మా" అన్నాము. నాలుగేళ్ల చిన్నవాడు పక్కనే ఉండి విన్నాడు. మరునాడు ఎవరూ చూడని వేళ పచ్చికాయలు గుత్తులకు గుత్తులు నమిలి మింగాడు. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు. వాణ్ని ఎత్తుకొని డాక్టరుగారి వద్దకు పరుగెత్తాము. రెండు రోజులకు తేరుకున్నాడు. తప్పు మాదే. తినవచ్చునని అన్నాము గాని, నల్లబడ్డవి మాత్రమేనని వాడితో చెప్పలేదు.

కామంచి పచ్చికాయలో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎండ తగిలి ఆకుపచ్చబడిన బంగాళాదుంపలో ఉండేదీ అదే. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది. మొక్క మోకాలెత్తు పెరుగుతుంది. పూవు తెల్లగా, చిన్నదిగా, అయిదు రేకులతో, నడుమ పసుపు ముద్దతో అచ్చం మిరపపూవు చెల్లెలిలా ఉంటుంది. కాయలు బఠానీగింజ కన్న చిన్నవి, ఒకే కాడకు నాలుగైదు గుత్తిగా వేలాడుతవి. పండితే నలుపు, కొన్ని చోట్ల నారింజ రంగు జాతి కూడ కద్దు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి బెల్లడొన్నా అని భయపడేవారున్నారు. ఆ కాయ పెద్దది, గుత్తిగా కాక ఒంటిగా కాస్తుంది, కింద నక్షత్రం వలె వెడల్పాటి ముచ్చిక ఉంటుంది.

మరి ఇక్కడివారు పచ్చికాయలతోనే వత్తల్ పెడతారు గదా అని అడుగుతారేమో. నిజమే. ముదిరిన కాయలను కొంచెం చితిపి, ఉప్పు కలిపిన పుల్లని మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ ఆ మజ్జిగలోనే వేస్తారు. మజ్జిగ ఇంకిపోయేవరకు అలా చేసి, గలగలలాడేట్లు ఎండనిస్తారు. నూనెలో వేయించి చింతపండు పులుసులో వేస్తే ఆ చిరుచేదు రుచి అన్నానికి చక్కగా కుదురుతుంది. అయితే ఇంటిల్లిపాదికీ రెండు చెంచాలు చాలు. పసివాళ్లకు మేము పెట్టము. ఆకు మాత్రం పెసరపప్పుతో నిశ్చింతగా వండుకోవచ్చును.

కంచెకు వాక్కాయ వేసుకున్నవారు అదృష్టవంతులు. వానకాలంలో కాయ. కందిపప్పు పూర్తిగా ఉడికిన తరువాతనే గింజ తీసిన ముక్కలు వేయండి. ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. బజారు కేకులపై మెరిసే ఎర్రని చెర్రీలు చాలా మట్టుకు రంగు వేసి పాకంలో ఊరవేసిన వాక్కాయలే!

వాక్కాయ తుంచితే పాలు కారుతవి. పూజకని పెంచుకునే పచ్చగన్నేరూ ఆ కుటుంబానిదే, దానికీ పాలే. కాని దాని కాయ గుండెను ఆపగల విషం. వాక్కాయకు ముళ్లుంటవి, పచ్చగన్నేరుకు ఉండవు. వాక్కాయలో మెత్తని చిన్న గింజలు కొన్ని ఉంటవి. గన్నేరుకాయలో రాయి వంటి పెద్ద టెంక ఒకటే. పిల్లలు గన్నేరుకాయ కొరికారని అనుమానం కలిగినా, వాంతులయ్యేదాకా చూడక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. రాలిన కాయలను మేము ప్రతి ఉదయం ఏరి పారవేస్తున్నాము.

బరంపురం, షోలాపూరు వైపు సోదరీమణులు కామంచిని ఏమని పిలుస్తారో, ఏమి వండుతారో వ్రాసి పంపితే వచ్చే నెల ఇక్కడే వేస్తాము.