మామయ్యగారి యెజ్డీ

పాత ఇనుముకి వేసేద్దామని మా మరిది, రంగులేయించి హాల్లో పెడదామని మావారు. నా మాట వేరు. పదకొండేళ్లుగా చావిట్లో పడున్న బండికి ముందు ఊపిరి రావాలి, సోకులు తర్వాత.

పాత పెట్రోలు బంకలా మారి కార్బురేటర్‌లో సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ట్యాంకులో తుప్పు సరేసరి. అవి శుభ్రం చేయకుండా కిక్కు కొడితే మిగిలేది కాలునొప్పే! (గేరుకీ కిక్కుకీ ఒకటే రాడ్డు, అదో వింత.) టూస్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలపాల్సిందే, లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడినా పార్టులు దొరుకుతున్నాయండీ.

ఖర్చు దండగంటారా? అత్తయ్యగారు రోజూ కొంగుతో ఆ సీటు తుడుస్తారు. ఇంతమంది ఇన్ని అంటున్నాం, ఆవిడనెవరైనా అడిగామా? ఆర్సీ ముందు ఆవిడ పేరుకి మార్పించండి. అమ్మడమో ఉంచడమో అప్పుడు ఆవిడే చెప్తారు.